సోరియాసిస్: మందు మొదలుపెట్టడం కన్నా ఆపడం దగ్గరే జాగ్రత్త

(ఒక పట్టణ గ్రంథాలయంలో చర్మవ్యాధుల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం. సభికులు చీటీల మీద రాసి పంపిన కొన్ని ప్రశ్నలు, వాటికి ఆమె ఇచ్చిన జవాబులు చివర ఉన్నాయి.)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఇక్కడ ఎంతమందికి సోరియాసిస్ ఉందో చేతులెత్తమని అడగను. అడిగినా ఎవరూ ఎత్తరు. సభ ముగిశాక మెట్ల దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి, “మా తమ్ముడికి ఉందండీ” అంటూ తమ మోచేయి చూపిస్తారు. అందుకే లెక్క నేనే చెబుతాను. ప్రపంచంలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. మన దేశంలో జరిగిన అధ్యయనాల్లో నూటికి ఒకరి లోపు నుంచి ముగ్గురి దాకా లెక్క తేలింది. అంటే మీ వీధిలో, మీ ఆఫీసులో, మీ పిల్లల బడిలో ఎవరో ఒకరికి ఉండే ఉంటుంది.

ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. మామూలు సోరియాసిస్ విసిగిస్తుంది, సిగ్గుపడేలా చేస్తుంది, నిద్ర చెడగొడుతుంది. దానంతట అది ప్రాణం మీదికి తేవడం మాత్రం అరుదు. ప్రాణం మీదికి వచ్చి మా వార్డులో చేరినవారిలో నేను ఎక్కువగా చూసింది, పనిచేస్తున్న మందును హఠాత్తుగా మానేసినవారిని, లేకపోతే ఏముందో తెలియని మందు నెలల తరబడి మింగి ఒకరోజు ఆపేసినవారిని.

అది ఎందుకో అర్థం కావాలంటే చర్మం లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలియాలి. చర్మం పైపొర అడుగున కొత్త కణాలు పుడుతూ ఉంటాయి. అవి మెల్లగా పైకి జరుగుతూ, గట్టిపడి, చివరికి మనకు తెలియకుండానే రాలిపోతాయి. దీనికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్ ఉన్నచోట ఇదంతా నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. కణాలు ముదరకముందే పైకి వచ్చి, ఒకదానికొకటి అంటుకుని పేరుకుంటాయి. వెండిరంగు పొలుసులంటే అవే. మరి వాటిని అంత తొందరపెడుతున్నది ఎవరు? మన రోగనిరోధక వ్యవస్థే. సూక్ష్మజీవుల మీదికి వెళ్లాల్సిన టి కణాలు ఏ శత్రువూ లేకపోయినా చర్మంలో చేరి హెచ్చరికలు పంపుతూ ఉంటాయి. దొంగలు లేని ఊళ్లో గస్తీవాడు తెల్లవార్లూ ఈల వేస్తూ తిరిగితే ఊరంతా లేచి కూర్చుంటుంది కదా, అలాంటిది. ఆ ఈలలకు శాస్త్రవేత్తలు టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-17, ఇంటర్‌ల్యూకిన్-23 అని పేర్లు పెట్టారు. ఖరీదైన ఇంజెక్షన్ల దగ్గర ఇవి మళ్లీ వస్తాయి.

ఇది రోగనిరోధక వ్యవస్థ చేసే పని అని తెలిసింది కూడా ఈమధ్యనే. చాలాకాలం చర్మకణాలదే తప్పనుకున్నారు. 1979లో, రోగనిరోధక శక్తిని తగ్గించే సైక్లోస్పోరిన్ ఇచ్చినప్పుడు సోరియాసిస్ తగ్గిందని గమనించాక ఆలోచన మారింది. అంతకు ముందైతే ఇంకా ఘోరం. శతాబ్దాలపాటు దీన్ని కుష్ఠుతో కలిపేశారు. వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా అనే వైద్యుడు 1841లో రెండూ వేర్వేరని తేల్చాడు. ఆ సంగతి మన బంధువుల్లో కొందరికి ఇంకా చేరలేదు.

కాబట్టి ఇది అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే తువ్వాలు వాడినా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. మురికి వల్ల రాదు. రక్తం చెడిపోవడం వల్ల రాదు కనుక రక్తశుద్ధి టానిక్కులకు పెట్టే డబ్బు దండగ.

గుర్తుపట్టడం దగ్గర ఒక చిక్కుంది. పాశ్చాత్య పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్ల చర్మం మీద గులాబీ మచ్చలే. మన చామనఛాయ మీద అది ఊదా రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో కనిపిస్తుంది. మోచేతులు, మోకాళ్లు, నడుము కింది భాగం, తల, చెవుల వెనక చూడండి. గీరితే పొలుసు పొడిలా రాలి, కింద సూదిమొన రక్తపు చుక్కలు కనిపించవచ్చు. నేను చెప్పానని గీరి చూడకండి. తలలో ఉంటే చుండ్రు అనుకుంటారు. అయితే సోరియాసిస్ పొలుసు దళసరిగా ఉండి, తరచుగా నుదుటి అంచు దాటి కిందికి దిగుతుంది. గోళ్లలో ఉంటే సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు, గోరు కింద నూనెచుక్క లాంటి పసుపు మచ్చ ఉంటాయి. దాన్ని ఫంగస్ అనుకుని ఏడాది పాటు ఫంగస్ మాత్రలు మింగినవారు ఉన్నారు. గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద వస్తే పొలుసే ఉండదు, నున్నగా ఎర్రగా ఉంటుంది. అక్కడ తామర అని పొరబడతారు.

ఇంకొక సంగతి మన రంగువారికే ఎక్కువ పనికొస్తుంది. జబ్బు తగ్గాక ఆ చోట నల్లమచ్చో తెల్లమచ్చో నెలల పాటు మిగులుతుంది. వేలితో తడిమి చూడండి. చుట్టూ ఉన్న చర్మంలాగే నున్నగా ఉంటే జబ్బు అక్కడ లేదు, రంగు తేడా మాత్రమే మిగిలింది. అది తెలియక ఆ మచ్చ మీద ఆరు నెలలు, మంటను అణిచే స్టెరాయిడ్ మందు రాసి చర్మాన్ని ఉల్లిపొరలా పలచబరచుకుంటారు.

ఎవరికి వస్తుందంటే, కొంత వంశపారంపర్యం, కొంత రెచ్చగొట్టే కారణం. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా సోకిన రెండు మూడు వారాలకు పిల్లల ఒంటినిండా చినుకుల్లాంటి మచ్చలు లేవడం ఒక రకం. మానసిక జబ్బుకు ఇచ్చే లిథియం, కొన్ని రకాల బీపీ మాత్రలు, మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్ దీన్ని పెంచవచ్చు. అంతమాత్రాన బీపీ మాత్ర మీ అంతట మీరు మానేయకండి. ఆ మాత్ర ఇచ్చిన డాక్టరుకు నాకు సోరియాసిస్ ఉందని చెప్పండి, ఆయనే మారుస్తారు. పొగ, మద్యం, అధిక బరువు, మానసిక ఒత్తిడి, చలికాలపు పొడిగాలి కూడా ఉన్నాయి.

వీటన్నిటికంటే మన జీవితంలో కంటికి కనిపించేది గాయం, రాపిడి. చర్మం ఎక్కడ గీరుకుంటే అక్కడ కొత్త మచ్చ పుట్టవచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో కోబ్నర్ అనే జర్మన్ వైద్యుడు గమనించాడు కనుక ఆయన పేరే పెట్టారు. కోబ్నర్‌కు తెలియనివి మన ఒంటి మీద చాలా ఉన్నాయి. నడుం చుట్టూ లంగా బొందు బిగిసినచోట సరిగ్గా ఆ గీత వెంబడే వస్తుంది. మగవాళ్లకు మొలతాడు ఒరుసుకునే చోట వస్తుంది. ఏళ్ల తరబడి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవారికి చీలమండ బయటి ఎముక మీద వస్తుంది. పండగపూట తలంటి, సున్నిపిండితో ఒళ్లు ఎర్రబడేలా రుద్దిన మరుసటి వారం మా దగ్గర రద్దీ పెరుగుతుంది. పెద్దవాళ్ల ఉద్దేశం మంచిదే, పొలుసు వదిలిపోతుందని రుద్దుతారు. కానీ రుద్దినకొద్దీ అది పెరుగుతుంది. బీరపీచు అయితే మరీ దారుణం. బొందు స్థానంలో వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ వేయించుకుని, మొలతాడు కొన్నాళ్లు పక్కన పెడితే మందు లేకుండానే సగం తగ్గినవారు ఉన్నారు.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు దగ్గరికి వస్తాను. ఒక రైతు సంగతి చెబుతాను. నడివేసవిలో, ఫ్యాను కింద దుప్పటి కప్పుకుని వణుకుతూ వచ్చాడు. తలనుంచి పాదాల దాకా ఒకటే ఎరుపు. కూర్చున్న కుర్చీ చుట్టూ పొలుసులు రాలుతుంటే ఆయన భార్య చీపురు అడిగి తీసుకుని తుడుస్తోంది, మొహమాటంతో. కాళ్లు వాచాయి. చర్మం 90 శాతం ఇలా మండితే ఒంటి వేడి, నీరు, మాంసకృత్తులు అన్నీ చర్మంలోంచే పోతాయి. గుండె మీద భారం పడుతుంది, చీము పట్టి రక్తంలోకి విషం ఎక్కవచ్చు. దీన్ని ఎరిత్రోడెర్మా అంటాం. ఆస్పత్రిలో చేర్చాల్సిన పరిస్థితి.

ఆయన సంచిలో కాగితం పొట్లాలు ఉన్నాయి, లోపల తెల్లపొడి. “ఇది వేసుకుంటే వారంలో మచ్చ మాయమయ్యేదమ్మా. ఏడాది వాడాను. కోతల పని వచ్చి పొట్లాలు తెచ్చుకోలేకపోయాను” అన్నాడు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట మీద ఊదారంగు చారలు. ఆ గుర్తులు చూస్తే చాలు, పొడిలో స్టెరాయిడ్ కలిపారని తెలుస్తుంది. మింగే స్టెరాయిడ్ సోరియాసిస్‌ను అద్భుతంగా అణిచేస్తుంది. మానేసిన కొన్ని రోజులకు అది రెట్టింపై లేస్తుంది, కొందరికి ఒంటినిండా చీము పొక్కులతో. పైగా ఏడాది పాటు బయటనుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ను సహజంగా తయారుచేసే మన ఎడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. ఆ మనిషికి చిన్న జ్వరం వచ్చినా రక్తపోటు పడిపోవచ్చు. ఏ వైద్యవిధానమైనా కావచ్చు, దాని మీద నాకు పేచీ లేదు. పేరు, మోతాదు, తయారీ తేదీ రాయని మందు మాత్రం మింగకండి. వారంలో మాయమైందంటే సంతోషించకండి, అనుమానించండి.

రెండోది, మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులు మన ప్రతి ఇంట్లో ఉంటాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. షాపు కౌంటరు దగ్గర అది ఎంతవరకు అమలవుతోందో మీకే తెలుసు. అలాగని స్టెరాయిడ్ పూత శత్రువు కాదు. సరిగ్గా వాడితే మోచేతి మచ్చకు అదే మొదటి మందు. దళసరి చర్మం మీద బలమైన పూత రెండు నుంచి నాలుగు వారాలు రాసి, ఆ తర్వాత రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండు రోజులు అని మెట్లు దిగాలి. జతగా విటమిన్ డి రకానికి చెందిన కాల్సిపోట్రియోల్ రాస్తే స్టెరాయిడ్ తక్కువ పడుతుంది. ముఖానికి, గజ్జలకు ఆ బలమైన ట్యూబు వాడకూడదు. ఎంత రాయాలన్నదానికి కొలత ఉంది: చూపుడు వేలి చివరి కణుపు గీతనుంచి వేలి కొస దాకా ట్యూబును పిండితే వచ్చేది సుమారు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు అది సరిపోతుంది.

పూతమందు పనిచేయాలంటే పొలుసు మెత్తబడాలి. గోరువెచ్చని నీళ్లతో కొద్దిసేపే స్నానం చేసి, తువ్వాలుతో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే పెట్రోలియం జెల్లీ గానీ కొబ్బరినూనె గానీ ఒంటికి పట్టించాలి. చౌక పని కనుక ఎవరూ లక్ష్యపెట్టరు. జబ్బు తగ్గిన రోజుల్లో కూడా ఇది మానకూడదు. తలలో దళసరి పొలుసులకు రాత్రి సాలిసిలిక్ యాసిడ్ కలిసిన నూనె, పొద్దున తారు షాంపూ వాడాలి. పేలదువ్వెనతో పెకలించడం మానాలి.

జబ్బు ఒంటినిండా ఉన్నా, అరచేతుల్లో పగుళ్లతో పని చేసుకోలేకపోయినా పూతలు చాలవు. అప్పుడు నాలుగు దశాబ్దాలు పైబడి మాకు తోడున్న మందు మెథోట్రెక్సేట్. ఇక్కడ మన భీమవరం మాట చెప్పకుండా ఉండలేను. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపించారు. ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను తయారుచేసింది, దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను కూడా తయారుచేసింది. మొదట వాటిని వాడింది పిల్లల రక్తక్యాన్సర్‌కు. 1948లో ఆయన పోయారు. 1951లో గుబ్నర్ అనే వైద్యుడు కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఇస్తుండగా సోరియాసిస్ తగ్గిపోవడం చూశాడు. ఇవాళ మా చీటీలో వారానికి ఒకరోజు మెథోట్రెక్సేట్ అని, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ అని రాస్తాం. రెండు వరుసలూ ఆయన పరిశోధనశాలనుంచి వచ్చినవే.

వారానికి ఒకరోజు అన్నాను, గమనించండి. ఈ మాత్రను రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోతుంది. చీటీ సరిగ్గా చదవక అలా జరిగిన సందర్భాలు ఉన్నాయి. అందుకే నేను మాత్ర వేసుకోవాల్సిన రోజు పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాస్తాను, ఇంట్లో క్యాలెండరు మీద చుట్టమంటాను. నోట్లో పుళ్లు, జ్వరం వస్తే మాత్ర ఆపి ఆ రోజే రావాలి. రక్తపరీక్ష, లివరు పరీక్ష తప్పదు. మద్యం పనికిరాదు. కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ దీనితో కలిస్తే ప్రమాదం కనుక జ్వరానికి వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మాత్ర సంగతి ముందు చెప్పాలి. ఇన్ని చెబితే భయపడి మానేస్తారని తెలుసు. చౌకగా దొరికి, సరిగ్గా వాడితే ఏళ్ల తరబడి పనిచేసే మందు ఇది. భయం బదులు పరీక్షలు చేయించుకోండి.

కాంతి చికిత్స అంటే 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి ఉన్న గదిలో వారానికి రెండు మూడుసార్లు కొన్ని నిమిషాలు నిలబడటం. మంచి చికిత్సే, గర్భిణులకు కూడా ఇవ్వవచ్చు. చిక్కల్లా బస్సు ఛార్జీలు, పోయే కూలి. ఊరికి దగ్గరలో ఉంటేనే కుదురుతుంది. ఎవరో చెప్పారని బావంచాలు నూరి రాసుకుని ఎండలో నిలబడకండి. వాటిలోని సోరాలెన్ నిజంగానే పనిచేసే పదార్థం, అందుకే బొబ్బలు కూడా నిజంగానే లేస్తాయి.

బయోలాజిక్ ఇంజెక్షన్లు ఇందాక చెప్పిన ఈలల్లో ఒక్కోదాన్ని పట్టి ఆపుతాయి. ఫలితం గొప్పది, ఖర్చూ గొప్పదే. మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. మన దేశంలో చాలామంది ఒంట్లో క్షయ క్రిములు నిద్రలో ఉంటాయి, అవి లేవవచ్చు. ఇవి కూడా జబ్బును అదుపు చేసేవే, శాశ్వతంగా పోగొట్టేవి కావు. మొదలుపెట్టేముందు ఇంటి బడ్జెట్టు చూసుకోండి. మూడు నెలలు వాడి డబ్బు చాలక ఆపడం కన్నా, రెండేళ్లు నడపగలిగే చవకైన మందు మేలని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని సహోద్యోగులు నాకు ఉన్నారు.

చర్మం దగ్గరే ఆగే జబ్బు కాదిది. సోరియాసిస్ ఉన్నవారిలో నూటికి 30 మంది దాకా కీళ్లకు పాకవచ్చు. పొద్దున లేవగానే అరగంట దాటి వేళ్లు బిగుసుకుపోవడం, ఒకే వేలు మొత్తం లావుగా వాచడం, మడమ వెనక నొప్పి, ఇవి గుర్తులు. నెలలు ఆగితే కీలు వంగి అలాగే ఉండిపోతుంది. మధుమేహం, బీపీ, లివరులో కొవ్వు, గుండెజబ్బు వీరిలో ఎక్కువ కనుక ఏటా ఆ పరీక్షలు చేయించుకోవాలి. మనసు కుంగిపోవడం కూడా అంతే నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2014లో దీన్ని తీవ్రమైన దీర్ఘకాలిక వ్యాధిగా గుర్తించి తీర్మానం చేసినప్పుడు రోగుల పట్ల సమాజపు వివక్షను కూడా ప్రస్తావించాయి. మే నెలలో ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, గుండీలు మణికట్టు దాకా పెట్టుకుని వచ్చే కుర్రాడిని చూస్తే ఆ తీర్మానం చదవనక్కర్లేదు.

చీటీలు వచ్చాయి. చదువుతాను.

“వంకాయ, గోంగూర, చేపలు మానేశాను. ఇంకేం మానాలి?” ఏమీ మానక్కర్లేదు. ఈ మూడింటికీ సోరియాసిస్‌కూ సంబంధం ఉందని రుజువు లేదు. ఒక కూర తిన్న ప్రతిసారీ మీకు పెరుగుతోందని మీరే గమనిస్తే అది మానండి. రుజువు ఉన్నది బరువు తగ్గడానికి. లావుగా ఉన్నవారు తగ్గితే మచ్చలూ తగ్గుతాయి, మందులూ బాగా పనిచేస్తాయి. సిగరెట్టు, మద్యం మానమంటే మాత్రం వంకాయ మానినంత తేలిగ్గా ఎవరూ మానరు.

“మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ముందే చెప్పాలా?” చెప్పండి. దాచి చేస్తే ఆ అమ్మాయి మందులు దాచుకుని వాడాలి, దాచుకోలేక మానేస్తుంది, నేను భయపడేది దానికే. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు పదిమందిలో ఒకరికి, కొంచెం ఎక్కువ. ఇద్దరికీ ఉంటే సగానికి దగ్గరగా. అవతలివాళ్లకు సందేహాలుంటే మా దగ్గరికి పంపండి, నేనే మాట్లాడతాను. ఇంకో మాట, పిల్లల్ని కనాలనుకునేవారు మెథోట్రెక్సేట్ వాడకూడదు, ముందుగానే మార్చాలి. సోరియాసిస్‌కే ఇచ్చే అసిట్రెటిన్ అనే మాత్ర ఆపాక మూడేళ్లదాకా గర్భం రాకూడదు. కాబట్టి పెళ్లీడు అమ్మాయికి ఆ మాత్ర నేను రాయను.

“తగ్గిపోయింది. ఇప్పుడైనా ఆపవచ్చా?” కొందరికి నెలలు, ఏళ్లు కూడా మందు లేకుండా గడుస్తాయి. ఆపవచ్చు, మీ అంతట మీరు కాదు. ఏ మందు, ఎంతకాలంగా, ఎలా దిగాలన్నది మీ డాక్టరుతో కలిసి తేల్చండి. ఆపిన తర్వాత కూడా ఒంటికి నూనె రాయడం మానవద్దు. చలికాలం మొదట్లో ఒకసారి చూపించుకోండి.

ఆఖరి చీటీ. “తలంతా సోరియాసిస్. తిరుపతిలో తలనీలాలు మొక్కుకున్నాను. ఇవ్వవచ్చా?” పొలుసులు దట్టంగా ఉండి ఎర్రగా మండుతున్నప్పుడు కత్తి పెట్టించుకుంటే గీతలు పడినచోటల్లా కొత్తవి లేస్తాయి. మొక్కు వాయిదా వేసుకోండి, రెండు నెలలు తలకు మందు వాడి, నున్నబడ్డాక వెళ్లండి. కొత్త బ్లేడు, ముందు బాగా తడపమని చెప్పండి, ఎదురు గొరగవద్దనండి. గుండు అయ్యాక ఎండ తగలకుండా గుడ్డ కట్టుకుని, ఆ రాత్రే కొబ్బరినూనె రాయండి. నిజం చెప్పాలంటే గుండు ఉన్న ఆ నెలే పూతమందు తలకు బాగా పట్టే నెల, దాన్ని వదులుకోవద్దు. అంతవరకు ఆగలేకపోతే మూడు కత్తెరలు ఇచ్చి రండి.